ఫోర్కు సర్వీసుకు బెంగళూరు దాకా ఎందుకు?

సైకిల్ ముందు చక్రాన్ని పట్టుకుని, గుంతలకు దిగి లేచే ఫోర్కు విప్పి, పాత ఆయిల్ పారబోసి, స్పాంజి రింగులు శుభ్రం చేసి, కొత్త ఆయిల్ పోసి మళ్లీ బిగించడం మన ఇంట్లో మన చేతులతో జరగాల్సిన పని. అనంతపురం లాంటి ఊళ్లో ఉంటూ గుట్టల్లో, గరుసు దారుల్లో మౌంటెన్ బైక్ తొక్కేవాళ్లు ఈ ఒక్క పని నేర్చుకుని తీరాలని నా అభిప్రాయం. డబ్బు మిగులుతుందని చెప్పడం లేదు, మిగిలితే మంచిదే. ఈ పనిలో చెయ్యి తిరిగినతనం కన్నా వేళకు చేయడం ముఖ్యం. ఎంత గొప్ప మెకానిక్ అయినా ఆర్నెల్లు ఆలస్యంగా విప్పితే చేయగలిగింది ఏమీ ఉండదు. మామూలు మనిషి వేళకు విప్పితే అదే ఫోర్కు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

నా మొదటి ఫోర్కు ఆ ఆలస్యం వల్లే పోయింది. బైకు బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ముందు 140 మిల్లీమీటర్లు కదిలే గాలి ఫోర్కు, అంటే లోపల స్ప్రింగు బదులు గాలి ఉండేది, వెనక కూడా గాలి షాక్. రెండు వేసవులు బాగా తొక్కాను. ఆదివారం తెల్లారుజామున బుక్కరాయసముద్రం చెరువు కట్ట దాటి గుట్టల వైపు పోయేవాణ్ని. రెండు రోజులు సెలవు దొరికితే రామగిరి దగ్గర గాలిమరల దారులకు. పెద్ద పెద్ద రెక్కలు మోసే ట్రైలర్లు ఎక్కాలి కాబట్టి ఆ మట్టిరోడ్ల మలుపులు విశాలంగా ఉంటాయి. పైన గరుసు, దాని కింద గట్టి రాయి. ఫోర్కు బాగుంటే ఆ దారిలో దిగడమంత సుఖం ఇంకొకటి లేదు.

రెండో వేసవి చివరికి ఫోర్కు బిర్రుగా అయిపోయింది. చిన్న రాళ్లకు కదలదు. పెద్ద గుంత వస్తే మాత్రం ఒక్కసారిగా కూరుకుపోతుంది. గంట తొక్కితే అరచేతులు తిమ్మిరెక్కేవి. గాలి ఎక్కువైందేమో అనుకుని వారం వారం తగ్గించుకుంటూ పోయాను. ఊళ్లో ఒక షాపులో చూపిస్తే బయట తుడిచి, మెరిసే గొట్టాల మీద ఏదో స్ప్రే కొట్టి, సర్వీసు అయిపోయిందన్నారు. రెండు రోజులు మెత్తగానే ఆడింది. ఆ జిడ్డుకు దుమ్ము ఇంకా బాగా అంటుకుంది. చివరికి అట్టపెట్టెలో కట్టి బెంగళూరులో ఫోర్కులు సర్వీసు చేసేవాళ్లకు పంపాను. మూడు వారాలకు ఫోన్ వచ్చింది, వెనకాలే ఫోటో. నల్లటి గొట్టం మీద రెండు వేళ్ల వెడల్పున పూత అరిగిపోయి అల్యూమినియం తెల్లగా బయటపడి ఉంది. పైభాగం మొత్తం మార్చాలి, ఆ డబ్బుకు ఇంకొంత వేసుకుంటే కొత్త ఫోర్కే వస్తుంది అన్నాడు అవతలి కుర్రాడు. "ఆరు నెలలు ముందు పంపుంటే సీళ్లతో పోయేది సార్" అని కూడా అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నాకు ఆ ఫోటో చూశాక తెలిసింది.

లోపల ఏముందో చూస్తే ఆ అరుగుదల ఎలా వచ్చిందో అర్థమవుతుంది. పైన మెరిసే రెండు గొట్టాలు, వీటిని స్టాంచియన్లు అంటాం, కింది కాళ్లలోకి దిగుతూ లేస్తూ ఉంటాయి. కింది కాలు మూతి దగ్గర రబ్బరు సీలు ఉంటుంది. దాని పని దుమ్మును తుడిచేయడం. సీలు కిందనే ఒక స్పాంజి రింగు. దాని కింద బుష్, అంటే గొట్టం ఆనుకుని జారే వలయం. స్పాంజి ఆయిల్ పీల్చుకుని ఉంటే గొట్టం దిగిన ప్రతిసారీ తడి అంటుతుంది, బుష్ మీద జారుతుంది. ఇంత పనీ చేసే ఆయిల్ చాలా ఫోర్కుల్లో ఒక్కో కాలికి 10 మిల్లీలీటర్లు, అటూ ఇటూ. రెండు టీస్పూన్లు! లక్ష రూపాయల బైకు సుఖం రెండు టీస్పూన్ల ఆయిల్ మీద ఆధారపడి ఉంది. అది నల్లబడి, కొంత ఆరిపోయి, కొంత బయటికి పోయాక స్పాంజి ఎండిపోతుంది. సీలు దాటి వచ్చిన దుమ్ము అక్కడే ఉండి ఉప్పుకాగితం పని మొదలుపెడుతుంది.

ఇక మన దుమ్ము సంగతి. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ సరిగ్గా పడితే. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే కురిసేసి మన దాకా ఉత్త గాలిగా వస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ గాలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ గాలి కోసమే గుట్టల నిండా మరలు పాతారు. విత్తడానికి దున్నిపెట్టిన శనక్కాయ చేల మీద అది వీచిందంటే ఎర్రదుమ్ము కిటికీ సందుల్లోంచి కూడా ఇంట్లోకి వస్తుంది, ఫోర్కు సీలు ఎంత? ఎర్రనేల గ్రానైట్ అరిగి ఏర్పడింది, అందులో క్వార్ట్జ్ ఇసక నిండుగా ఉంటుంది. మోహ్స్ కొలతలో క్వార్ట్జ్ గట్టితనం 7, అల్యూమినియంది 3 కన్నా తక్కువ. స్టాంచియన్ మీది పూత గట్టిదే, కానీ దాని మందం మైక్రాన్లలో లెక్క, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఒక్కసారి అది పోతే మళ్లీ వేయడం మన తరం కాదు.

సైకిల్ ఫోర్కులు తయారుచేసే రాక్‌షాక్స్ కంపెనీ వాళ్లు చాలా ఫోర్కులకు కింది కాళ్ల సర్వీసు 50 గంటలు తొక్కాక ఒకసారి చేయమంటారు. ఇంకో కంపెనీ ఫాక్స్ వాళ్లు 125 గంటలు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది అంటారు. పరిస్థితులు గట్టిగా ఉంటే ఇంకా ముందే చేయాలని కూడా చెబుతారు, ఆ రెండో వాక్యం ఎవరూ చదవరు. మన దగ్గర జూన్ గాలి కన్నా గట్టి పరిస్థితి ఏముంటుంది? అందుకే నేను గాలికాలంలో 30 గంటలకే విప్పుతున్నాను, మిగతా రోజుల్లో 50కి. వారానికి ఐదారు గంటలు తొక్కేవాడికి 30 గంటలంటే నెలన్నర. నెలన్నరకు ఒకసారి ఫోర్కును పెట్టెలో కట్టి 200 కిలోమీటర్లు పంపి, మూడు వారాలు ఎదురుచూడటం ఎవరివల్లా కాదు. కాబట్టి ఎవరూ పంపరు. ఏడాదికో రెండేళ్లకో పంపుతారు. ఆలోపు జరగాల్సింది జరిగిపోతుంది. నా ఫోర్కులాగే.

ఈ పని నాకు నేర్పింది మా వీధి చివర మోటార్‌సైకిల్ మెకానిక్. ముప్పై ఏళ్లుగా మోపెడ్లు, స్ప్లెండర్లు విప్పిన మనిషి. రెండో ఫోర్కు కొన్నాక, మాన్యువల్ ప్రింటు తీసుకుని ఆయన దగ్గరికి పోయి అడిగాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమప్పా, స్ప్లెండర్ ఫోర్కే కదా ఇది, సన్నగా ఉంది అంతే. లోపల స్ప్రింగు బదులు గాలి ఉందంటావు, ఉండనీ. సీలు సీలే కదా" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఫాక్స్ కంపెనీ 1974లో మోటోక్రాస్ బండ్ల షాక్‌లతోనే మొదలైంది. 1989లో రాక్‌షాక్స్ మొదటి ఫోర్కు ఆర్ఎస్-1 తయారుచేసిన పాల్ టర్నర్ కూడా మోటోక్రాస్ నుంచి వచ్చినవాడే. మన రోడ్డు పక్క మెకానిక్‌లు రోజూ విప్పే వస్తువుకు ఇది వరసకు తమ్ముడు.

ఒక్క తేడా మాత్రం ఆయనకు నేనే చెప్పాల్సి వచ్చింది. స్ప్లెండర్‌లో ఆ ఆయిలే ఫోర్కు వేగాన్ని కూడా అదుపు చేస్తుంది, అందుకే ఎక్కువ పోస్తారు. మన సైకిల్ ఫోర్కులో ఆ పని ఒక కాలిలో ఉండే డ్యాంపర్ చూసుకుంటుంది. చాలా రకాల్లో దాని ఆయిల్ దానిలోనే మూసి ఉంటుంది. కింద మనం పోసేది జారడానికి మాత్రమే. ఎక్కువ పోస్తే మేలు జరగదు, లోపల గాలికి చోటు తగ్గి ఫోర్కు పూర్తిగా దిగదు.

నేను చేసే పద్ధతి చెబుతాను. మీ ఫోర్కు మాన్యువల్ కంపెనీ సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, కొలతలన్నీ అందులోవే తీసుకోండి. ముందు చక్రం తీసేస్తాను. డిస్కును ప్యాడ్లతో పట్టే బ్రేకు క్యాలిపర్ విప్పి గుడ్డలో చుట్టి దూరంగా కడతాను. డిస్కు మీద గానీ ప్యాడ్ల మీద గానీ ఒక్క ఆయిల్ చుక్క పడితే బ్రేకు కూతలు పెడుతుంది, సరిగ్గా పట్టదు, ఆ ప్యాడ్లు ఇక పారేయాల్సిందే. తర్వాత పైన వాల్వు నొక్కి గాలి మొత్తం తీసేస్తాను. ఇందులో రాజీ లేదు. గాలి ఉండగా బోల్టు ముట్టుకోవద్దు. కింద రీబౌండ్ నాబ్, అంటే ఫోర్కు తిరిగి లేచే వేగం సరిచేసే మీట, ఎన్ని క్లిక్కుల మీద ఉందో రాసుకుని దాన్ని లాగేస్తాను. రెండు కాళ్ల అడుగున ఉన్న బోల్టులు మూడు నాలుగు చుట్లు వదులు చేసి, ఆ బోల్టు తల మీద ప్లాస్టిక్ సుత్తితో కొడతాను. లోపల బిగిసిన కడ్డీ టక్కుమని వదులుతుంది. ఆ చప్పుడు చెవికే తెలుస్తుంది. అప్పుడు బోల్టులు పూర్తిగా తీసి, కింద పాత ట్రే పెట్టి, కింది కాళ్లు రెండు చేతులతో లాగుతాను.

మొదటిసారి చేసినప్పుడు ట్రేలో పడ్డ ఆయిల్ చూసి మనసుకు కష్టమనిపించింది. బురద చెరువులో నీళ్ల రంగు. వేళ్ల మధ్య రుద్దితే గరగర తగిలింది. గాలికాలంలో 34 గంటలు మాత్రమే తొక్కిన ఫోర్కు అది. స్పాంజి రింగు పిండితే ముందు ఏమీ రాలేదు, ఇంకొంచెం గట్టిగా పిండితే ఎర్రటి జిడ్డు వచ్చింది. మన చేల మట్టే అది. ఇంకో వంద గంటలు ఇలాగే తిరిగి ఉంటే ఈ గొట్టాలూ ఆ ఫోటోలాగే అయ్యుండేవి.

శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతాను. కిరోసిన్, పెట్రోలు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. ఇంట్లో మిగిలిన హ్యాండ్ శానిటైజర్ కూడా వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది. స్టాంచియన్లు తుడిచి, గోరు పైనుంచి కిందికి మెల్లగా లాగుతాను. గోరు ఎక్కడా ఆగకపోతే ఫోర్కు క్షేమం. సీళ్లు ప్రతిసారీ మార్చక్కర్లేదు, పెదవి చిరగకుండా మెత్తగా ఉంటే చాలు. స్పాంజి రింగులను మాత్రం కొత్త ఆయిల్‌లో నానబెట్టి, వేలితో తిప్పుతూ వాటి గాడిలో కూర్చోబెడతాను. కాళ్లు మళ్లీ ఎక్కించేటప్పుడే అసలు జాగ్రత్త. రెండు గొట్టాలూ రెండు సీళ్లలోకి ఒకేసారి, సీలు పెదవి లోపలికి మడత పడకుండా పోవాలి. "తోయద్దు, అడుగు. యాడ బిర్రుగా ఉందో అదే చెప్తుంది" అన్నాడు మా మెకానిక్ అన్న. ఆ మాట ప్రకారం అటూ ఇటూ కొద్దిగా ఊపుతూ పోనిస్తే దానంతట అదే దిగుతుంది.

సగం దిగాక ఫోర్కును తలకిందులుగా వాల్చి, మెడికల్ షాపులో కొన్న 10 మిల్లీలీటర్ల సిరంజితో అడుగు రంధ్రాల్లోంచి ఆయిల్ ఎక్కిస్తాను. ఆయిల్ దగ్గర అందరికీ గందరగోళమే. 0డబ్ల్యూ-30 అని రాసి ఉండేది ఇంజన్ ఆయిల్ కొలత. ఫోర్కు ఆయిల్ సీసాల మీద 10, 15 అని ఉండేది వేరే లెక్క, అది కూడా కంపెనీకో తీరు. రెండింటినీ పోల్చకుండా మాన్యువల్‌లో రాసిందే కొనండి. చివరికి కొత్త క్రష్ వాషర్లు, అంటే బిగిస్తే నలిగి ఆయిల్ కారకుండా మూసే వాషర్లు, వేసి బోల్టులు బిగించాలి. ఇక్కడ బలం చూపిస్తే లోపలి అల్యూమినియం మర చెడుతుంది. ఎంత బిగించామో కొలిచి చెప్పే టార్క్ రెంచీ ఒకటి కొనుక్కోండి. నా సామానులో కాస్త ఖరీదైంది అదొక్కటే, నలుగురు స్నేహితులు కలిసి కొన్నా సరిపోతుంది. పాత ఆయిల్ కాలవలో పోయకుండా సీసాలో పట్టి మెకానిక్ అన్న డబ్బాలో పోసి వస్తాను. మొత్తం గంటన్నర పని. మొదటిసారి నాకు నాలుగు గంటలు పట్టింది.

గాలి నింపేటప్పుడు ఒకేసారి కొట్టేయకుండా కొంత కొట్టి నాలుగైదుసార్లు ఫోర్కును అదిమి, మళ్లీ కొంత కొట్టాలి. లోపల పైగదికీ కింది గదికీ గాలి సమంగా సర్దుకోవాలి. షాక్ పంపు తీసి మళ్లీ పెడితే ముల్లు కొంచెం తక్కువ చూపిస్తుంది, లీకైందని కంగారు పడకండి, పంపు గొట్టంలోకి వెళ్లిన గాలి అది. ఇంకో సంగతి కూడా మన ఊరికి అవసరం. తెల్లారి 25 డిగ్రీల్లో గాలి ఒత్తిడి 80 పీఎస్ఐ పెట్టుకుంటే, మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో అదే గాలి 85 దాటుతుంది. ఎండాకాలం తిరుగు దారిలో ఫోర్కు గట్టిపడినట్టు అనిపించడానికి ఇది కూడా కారణం.

ఇదంతా ఖరీదైన బైకుల వాళ్ల గోల అనుకోవద్దు. మా పక్కింటి అబ్బాయి పదో తరగతి, గేర్ సైకిల్ మీద స్కూలుకు పోతాడు. ముందు షాక్స్ ఉన్నాయన్న మాటే గానీ అవి కదిలి ఏడాదైంది. "అన్నా, ఇవి ఉత్త షోకి పెడతారంట కదా" అన్నాడు. వాడి చేతే విప్పించాను. లోపల ఇనప స్ప్రింగు, తుప్పు, గట్టిపడిన గ్రీజు. ఆయిల్ లేదు, గాలి లేదు, కాబట్టి ప్రమాదమూ తక్కువ. తుప్పు గీకి, పాతది తుడిచి, సీళ్ల కింద, బుష్‌ల దగ్గర కొత్త గ్రీజు పెట్టించాను. హ్యాండిల్ మీద బరువేసి అదిమి, అది దిగి లేచేసరికి వాడు మళ్లీ మళ్లీ అదుముతూనే ఉన్నాడు. పిండి కొద్దీ రొట్టె, ఆ షాక్స్ గుట్టల్లో పనికిరావు. కానీ స్కూలు దారిలో గుంతలకు సరిపోతాయి. అవి పనిచేయవని వాడికి చెప్పినవాళ్లెవరూ ఒక్కసారి విప్పి చూడలేదు.

నాతో వాదించేవాళ్లు ఉన్నారు. నిపుణులు ఉండగా మనకెందుకు, వారంటీ పోదా అంటారు. కొత్త బైకుకు వారంటీ ఉంటే దాని షరతులు చదివి, అది ముగిసేదాకా వాళ్లకే ఇవ్వండి, అందులో తప్పేం లేదు. కానీ వేళకే పంపండి. నిపుణుల అవసరం లేదని కూడా నేను అనను. వాళ్లతో పని ఎక్కడ మొదలవుతుందో నాకు తెలుసు. డ్యాంపర్ లోపలి భాగాలు నేను ముట్టుకోను. వెనక షాక్ అసలే విప్పను. వెనక షాక్ 50 మిల్లీమీటర్లు కదిలితే నా బైకు చక్రం 130 మిల్లీమీటర్లు కదులుతుంది. అంత బరువు అంత చిన్న డబ్బా మోయాలి కాబట్టి ఫోర్కులో 75 పీఎస్ఐ ఉంటే అందులో 180 ఉంటుంది. దాని డ్యాంపర్‌లో వేరేగా నైట్రోజన్ ఇంకా ఎక్కువ ఒత్తిడితో నింపి ఉంటుంది, దానికి పరికరాలు ఇంట్లో ఉండవు. గాలి తీసేశాక కూడా షాక్ కుదించుకుపోయి లేవకుండా ఉండిపోతే, లోపల ఒక గదిలో గాలి ఇరుక్కుందని అర్థం. ఆ స్థితిలో మర తిప్పితే డబ్బా ఎగిరి ముఖానికి తగలొచ్చు. వీడియో చూసి ధైర్యం చేసే పని కాదిది. దాన్ని అలాగే పెట్టెలో పెట్టి, స్థితి కాగితం మీద రాసి పంపండి.

ఇలా పని పంచుకుంటే బెంగళూరు వాళ్లకూ మేలే. ఏడాదికొకసారి వాళ్ల దగ్గరికి వెళ్లే ఫోర్కు బాగుచేయగలిగే స్థితిలో ఉంటుంది. గాలి తగ్గి, వానలు కూడా వెళ్లిపోయాక, నవంబరులో వెనక షాక్ పంపుతాను. ఈసారి పంపి తొమ్మిది రోజులైంది, ఇంకా రాలేదు. బైకు వరండాలో గోడకు ఆనించి ఉంది. పోయినసారి సుద్దముక్కతో గోడ మీద రాసుకున్న గంటలు కూడితే ఫోర్కు 47కి వచ్చింది. షాక్ వచ్చేలోపు ఈ ఆదివారం పొద్దున కింది కాళ్లు విప్పుతాను. పక్కింటి అబ్బాయి ట్రే పట్టుకుంటానన్నాడు.